యూనిట్ – 11: చీకటిని చీకటిగా ఉంచడం – రంగస్థల ప్రదర్శనల చిత్రీకరణలో ఎక్స్‌పోజర్

విషయక్రమం
11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 కాగడా నుంచి ఎల్ఈడీ దాకా
11.3 కన్ను చూసేది, కెమెరా చూసేది
11.4 కాటి సీను – ఒక వైఫల్యం
11.5 సురభి మాయాబజార్ – తీగలు కనిపించిన మాయ
11.6 నీలి కృష్ణుడు
11.7 రెండు అభ్యంతరాలు
11.8 ఆచరణలో పాటించవలసినవి
11.9 సారాంశం
11.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• రంగస్థల దీపకాంతికీ, సినిమా దీపకాంతికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్ రంగస్థలం మీద ఎందుకు తప్పుతుందో లెక్కతో చూపగలుగుతారు.
• ఒక నాటకం వీడియోను వెలుగు పరంగా విమర్శించగలుగుతారు.
• మీ ఊళ్లో జరిగే ప్రదర్శనను ముఖాలు చెడకుండా చిత్రీకరించగలుగుతారు.

11.1 పరిచయం

తెలుగు పద్యనాటకం తొలి తరాల నటుల గొంతులు మనకు కొంతవరకు దక్కాయి. గ్రామఫోను రికార్డులు వాటిని దాచిపెట్టాయి. రాగం తీసిన తీరు, పాదం విరిచిన తీరు ఈనాటికీ వినగలం. కానీ పద్యం ఎత్తుకునే ముందు ఆ నటుడి కళ్లు ఎటు తిరిగాయో, ఎదుటి పాత్ర మాట్లాడుతున్నప్పుడు ఆయన ముఖంలో ఏం కదిలిందో చాలామంది విషయంలో మనకు తెలియదు. గొంతు మిగిలింది, ముఖం మిగలలేదు.

ఇవాళ ఆ ఇబ్బంది ఉండకూడదు. ప్రతి చేతిలో కెమెరా ఉంది. సికింద్రాబాదు హరిహర కళాభవన్‌లోనో, హైదరాబాదు రవీంద్రభారతిలోనో నాటకం జరిగితే ముందు వరుసల్లోనే పది ఫోన్లు పైకి లేస్తాయి. అయినా ఆ వీడియోలు తెరిచి చూడండి. చాలావాటిలో నటుడి ముఖం ఉండవలసిన చోట తెల్లని మచ్చ ఉంటుంది. వెనుక తెర మీది ముడతలు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. ముఖాన్ని మనం మళ్లీ పోగొట్టుకుంటున్నాం. ఈసారి పరికరం లేక కాదు, పరికరానికి ఏది ముఖ్యమో చెప్పక.

ఈ యూనిట్ వాదం ఒక్కటే. నాటకాన్ని చిత్రీకరించేటప్పుడు వెలుగు మోతాదును నిర్ణయించడమంటే ఆ నాటకాన్ని అర్థం చేసుకోవడమే. కాబట్టి దాన్ని సాంకేతిక నిపుణుడికి వదిలేసే విషయంగా కాక, విమర్శకుడు పట్టించుకోవలసిన విషయంగా చూద్దాం.

11.2 కాగడా నుంచి ఎల్ఈడీ దాకా

కరెంటు రాకముందు కూచిపూడి భాగవతులు, వీధి నాటకాలవారు కాగడాల వెలుగులో ఆడేవారు. కాగడా పట్టిన మనిషి పాత్రను వెన్నంటి కదిలేవాడు. ముఖ్యమైన పాత్ర ప్రవేశించేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున మంట లేచేది. ఆ ఒక్క క్షణం ప్రేక్షకుల చూపంతా ఆ ముఖం మీదే. ఈనాటి ఫాలో స్పాట్ చేసే పని అదే. ఏ ముఖం చూడాలి, ఎప్పుడు చూడాలి అనే నిర్ణయం ఆనాడు కాగడా పట్టిన మనిషి చేతిలో ఉండేది.

తరువాత పెట్రోమాక్స్ దీపాలు వచ్చాయి. పట్టణ రంగస్థలాల మీదికి విద్యుద్దీపాలు, డిమ్మర్లు, రంగు జెల్ కాగితాలు వచ్చాయి. ఇప్పుడు ఎల్ఈడీలు వచ్చాయి. పరికరాలు ఎన్ని మారినా సూత్రం మారలేదు. రంగస్థలంలో వెలుగు ఎంత ముఖ్యమో వెలుగు లేకపోవడమూ అంతే ముఖ్యం. చూడనక్కరలేని దాన్ని దర్శకుడు చీకట్లో ఉంచుతాడు.

సినిమా దీపకాంతి వేరు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్‌లీ సృష్టించిన వెన్నెలను తలచుకోండి. అది ఆకాశంలోని వెన్నెల కాదు. ఫిల్ము ఎంత వెలుగును పట్టగలదో తెలిసి, దానికి తగ్గట్టు దీపాలు అమర్చి పుట్టించిన వెన్నెల. అక్కడ దీపాలు కెమెరాకు లోబడి ఉంటాయి. రంగస్థలం మీద దీపాలు ప్రేక్షకుడి కంటికి లోబడి ఉంటాయి. నాటకాన్ని చిత్రీకరించే మనిషికి వాటి మీద అధికారం లేదు. అతనికి మిగిలింది ఒకే ఒక్క నిర్ణయం: ఎంత వెలుగును లోపలికి రానివ్వాలి? ఆ నిర్ణయాన్నీ యంత్రానికి అప్పగిస్తే ఇక అతను చేసే పనేమీ లేదు.

11.3 కన్ను చూసేది, కెమెరా చూసేది

మన కన్ను రంగస్థలమంతటినీ ఒకేసారి చూడదు. చూపు ముఖం మీద ఉన్నప్పుడు ఒక రకంగా, నీడలోకి మళ్లినప్పుడు మరొక రకంగా సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు మనకు తెలియకుండానే జరుగుతుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. ఒక ఫ్రేముకు ఒకే మోతాదు.

వెలుగు మోతాదును స్టాపుల్లో కొలుస్తాం. ఒక స్టాపు పెంచడమంటే వెలుగును రెట్టింపు చేయడం. నాలుగు స్టాపులంటే పదహారు రెట్లు.

ఆటోమేటిక్ పద్ధతిలో కెమెరా ఫ్రేములోని వెలుగు సగటును తీసుకుని, ఆ సగటు మధ్యస్థ బూడిదరంగుగా కనిపించేలా మోతాదును సరిచేస్తుంది. పగటిపూట వీధిలో ఇది బాగానే పనిచేస్తుంది. రంగస్థలం మీద ఏం జరుగుతుందో ఒక చిన్న లెక్క చేసి చూద్దాం.

ఫ్రేములో పదో వంతు నటుడు, మిగతా తొమ్మిది వంతులు చీకటి అనుకోండి. నటుడి మీది వెలుగు 100, చీకటి భాగం విలువ 2. అప్పుడు సగటు: పదో వంతుకు 10, మిగతాదానికి 1.8, మొత్తం 11.8. కెమెరా ఈ 11.8ను మధ్యస్థ బూడిదగా మారుస్తుంది. అంటే ముఖం ఆ బూడిదకు దాదాపు ఎనిమిదిన్నర రెట్లు, సుమారు మూడు స్టాపులు, ఎక్కువ వెలుగుతో నమోదవుతుంది. మామూలు వీడియోలో మధ్యస్థ బూడిదకు అయిదున్నర రెట్లు దాటిన వెలుగంతా ఒకే తెలుపు. కాబట్టి కనుబొమ, ముక్కు అంచు, చెంప మీది చెమట అన్నీ ఆ తెలుపులో కలిసిపోతాయి.

కెమెరా చెడిపోలేదు. దానికి నేర్పిన పని అది చేసింది. చీకటి ఎక్కువగా ఉంటే అది లోపమనీ, సరిదిద్దాలనీ దానికి నేర్పారు. రంగస్థలం మీద చీకటి లోపం కాదని దానికి తెలియదు, మనకు తెలుసు.

తెల్లని తెర మీద దీపాలన్నీ వేసిన దృశ్యంలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. వెనుక వెలుగును చూసి కెమెరా మోతాదు తగ్గిస్తుంది. ముందున్న ముఖం నల్లబడుతుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. నీడలో దాగిన వివరాన్ని తరువాత ఎడిటింగులో కొంతవరకు పైకి తేవచ్చు. తెలుపులో కాలిపోయిన వివరాన్ని ఎవరూ తేలేరు, ఎందుకంటే అక్కడ నమోదైనదేమీ లేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
అ) పై లెక్కలో నటుడు ఫ్రేములో సగం ఆక్రమిస్తే సగటు ఎంత? ముఖం కాలిపోతుందా?
ఆ) కెమెరాను నటుడికి దగ్గరగా జూమ్ చేస్తే ఆటో పద్ధతిలో ముఖం మెరుగవడానికి కారణమేమిటి?

11.4 కాటి సీను – ఒక వైఫల్యం

ఈ భాగంలో నేను విమర్శిస్తున్నది నా సొంత పనిని.

బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్రీయం’లోని కాటి సీను తెలుగువారికి కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. జాషువా శ్మశానవాటిక పద్యాలు అందులో చేరిన తరువాత ఆ దృశ్యమే నాటకానికి ప్రాణమైంది. సుమారు ఇరవై ఏళ్ల కిందట సికింద్రాబాదులో ఒక సభాభవనంలో మా విద్యార్థుల కోసం ఆ ఒక్క దృశ్యాన్ని ఆడించాం. హరిశ్చంద్రుడి పాత్ర వేసినది డెబ్బై దాటిన ఒక నటుడు. దీపాలు చూసిన కుర్రవాడు తెలివైనవాడు. రంగస్థలమంతా చీకటి చేసి, చితిమంట కోసం ఒక మూల కింది నుంచి ఎర్రదీపం, నటుడి ముఖం మీద పక్కనుంచి ఒకే ఒక్క సన్నని స్పాట్ పెట్టాడు. హాల్లో ఎవరూ కదల్లేదు.

చిత్రీకరణ బాధ్యత నాది. కెమెరా నడిపే విద్యార్థి “ఐరిస్ చేత్తో తిప్పనా సార్?” అని అడిగాడు. “రిస్కు వద్దు, ఆటోలోనే ఉంచు” అన్నాను.

టేపు చూస్తే శ్మశానం కనిపించలేదు. చీకటంతా బూడిదరంగుకు తేలింది. గెయిన్ పెరగడంతో ఆ బూడిదలో ఇసుక చల్లినట్టు చుక్కలు కదులుతున్నాయి. పక్కల తెరలు, వెనుక గోడ మీది స్విచ్చుబోర్డు కూడా కనిపిస్తున్నాయి. వైట్ బ్యాలన్స్ కూడా ఆటోలోనే ఉండటంతో ఎర్రని చితివెలుగు పాలిపోయిన గులాబీరంగైంది. నటుడి ముఖం మాత్రం కనిపించలేదు. అది తెల్లగా ఉంది, అంతే.

రెండేళ్లకు ఆయన పోయారు. వాళ్ల అమ్మాయి టేపు అడిగితే కాపీ చేసి ఇచ్చాను. వారం తరువాత ఫోను చేసి, “ఇందులో నాన్న ముఖం కనిపించే చోటు ఎక్కడుందండీ?” అని మర్యాదగానే అడిగింది. పద్యాలన్నీ వినపడుతున్నాయి కదా అని చెప్పబోయి ఆగిపోయాను.

ఇప్పుడు ఆ దృశ్యాన్ని విమర్శకుడిగా చూద్దాం. కాటి సీను సారం ఏమిటి? రాజ్యం, భార్య, కొడుకు అన్నీ పోయిన మనిషి చుట్టూ ఇక ఏమీ లేదు. ఆ ‘ఏమీ లేకపోవడాన్ని’ రంగస్థలం మీద చూపించేది చీకటి ఒక్కటే. ఆ శూన్యంలో నిలిచినది ఒక్క ముఖం, అందులోని సత్యనిష్ఠ. నా టేపు ఈ రెంటినీ తారుమారు చేసింది. లేనిదాన్ని చూపింది, ఉన్నదాన్ని చెరిపింది. అది సాంకేతిక దోషంగా మొదలై నాటకాన్నే తప్పుగా చదవడంగా ముగిసింది. ఐరిస్ రెండు మూడు స్టాపులు మూసి ఉంటే గోడ, స్విచ్చుబోర్డు తిరిగి చీకట్లోకి వెళ్లేవి. ఆయన ముఖం దక్కేది.

11.5 సురభి మాయాబజార్ – తీగలు కనిపించిన మాయ

కాటి సీనులో చీకటి భావాన్ని మోస్తుంది. సురభివారి నాటకాల్లో చీకటి పని కూడా చేస్తుంది.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన ఈ కుటుంబ నాటక సంప్రదాయం గురించి మీరు ఇదివరకే చదువుకున్నారు. చిత్రించిన తెరలు, క్షణాల్లో మారే రంగాలు, తీగల సాయంతో నడిచే మాయలు వారి ప్రత్యేకత. నారదుడు ఆకాశం నుంచి దిగుతాడు. బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. ఘటోత్కచుడి మాయలు మన కళ్లముందే జరుగుతాయి. ఈ మాయలకు పరికరం ఎంత అవసరమో దీపం కూడా అంతే అవసరం. ఎక్కడ వెలుగు పడాలో, ఎక్కడ పడకూడదో తెలిసినవారు నడిపితేనే తీగ మాయమవుతుంది.

ఇలాంటి దృశ్యాన్ని ఆటో ఎక్స్‌పోజర్‌తో తీసిన వీడియోలో చూస్తే పైనున్న నీడ తేలిపోయి తీగ బయటపడుతుంది. చూసినవాళ్లు “ఓహో, ఇదా సంగతి” అని నవ్వుతారు. హాల్లో కూర్చున్న పిల్లవాడు నోరు తెరుచుకుని చూసిన ఘట్టం వీడియోలో నవ్వులపాలవుతుంది. తప్పు సురభివారిది కాదు. వారు దాచినదాన్ని కెమెరా వారి అనుమతి లేకుండా బయటపెట్టింది.

ఇది చిన్న విషయం కాదు. ఈ తరం విద్యార్థుల్లో చాలామంది సురభిని మొదటిసారి చూసేది వీడియోలోనే. పద్మశ్రీ పొందిన సురభి నాగేశ్వరరావు గారు, మనకు బాబ్జీగా తెలిసిన ఆయన, 2022లో కన్నుమూశారు. అలాంటి పెద్దల తరం వెళ్లిపోతున్నకొద్దీ రేపటి పరిశోధకుడికి వీడియోలే సాక్ష్యం. తీగ కనిపించే వీడియోను చూసి అతను ఇది పాతకాలపు, మోటు రంగతంత్రమని రాస్తే ఆ తీర్పుకు కారణం నాటకం కాదు, మనం తిప్పని ఐరిస్.

11.6 నీలి కృష్ణుడు

మూడో ఉదాహరణలో చీకటి సమస్య లేదు. రంగు సమస్య ఉంది.

తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల్లో రాయబార ఘట్టానికి ఉన్న ఆదరణ మీకు తెలుసు. పీసపాటి నరసింహమూర్తి వంటి నటులు కృష్ణపాత్రతోనే పేరు పొందారు. ఇప్పటి ప్రదర్శనల్లో కృష్ణుడికి నీలి మేకప్ వేసి, దాని మీద నీలి ఎల్ఈడీ వెలుగు కూడా వేస్తున్నారు. హాల్లో బాగానే ఉంటుంది. వీడియోలో మాత్రం ముఖం కాగితం మీద అద్దిన నీలిరంగు ముద్దలా కనిపిస్తుంది. కెమెరామన్ జీబ్రా చూశాడు, గీతలు రాలేదు. ఎక్స్‌పోజర్ సరిగ్గానే ఉందనుకున్నాడు. మరి ఏం జరిగింది?

కెమెరా చూపే మొత్తం వెలుగు విలువలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం సమానంగా లెక్కకు రావు. హెచ్‌డీ వీడియో ప్రమాణం ప్రకారం ఆకుపచ్చకు సుమారు 72 శాతం, ఎరుపుకు 21 శాతం, నీలానికి 7 శాతం మాత్రమే వాటా. నీలం పూర్తిగా నిండి పొర్లిపోయినా మొత్తం విలువ తక్కువగానే కనిపిస్తుంది, హెచ్చరిక రాదు. నీలం నిండిపోయిన చోట మరొక రంగు లేకపోతే ఇక ఛాయాభేదం ఉండదు. ఛాయాభేదం లేని చోట ముఖకవళిక ఉండదు. కృష్ణుడి చిరునవ్వులోని వ్యంగ్యం పోయిన రాయబారంలో మిగిలేది పద్యాలు మాత్రమే.

దీనికి మందు మూడు రంగులను విడివిడిగా చూపే హిస్టోగ్రామ్. అది లేకపోతే గాఢమైన నీలి వెలుగు పడినప్పుడు మీటరు చెప్పినదానికంటే ఒక స్టాపు తగ్గించి తీయడం క్షేమం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
అ) కాటి సీనులో చీకటి చేసే పనికీ, సురభి మాయల్లో చీకటి చేసే పనికీ తేడా ఏమిటి?
ఆ) నీలి వెలుగులో జీబ్రా హెచ్చరిక రాకపోవడానికి కారణం రాయండి.

11.7 రెండు అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం భద్రపరిచేవారిది. “మాకు కావలసింది ఆధారం. తెర, సామగ్రి, తీగ అన్నీ కనిపించాలి. చీకటి మాకెందుకు?” అంటారు. ఇందులో న్యాయం ఉంది. సురభి తీగలు ఎలా పనిచేస్తాయో నమోదు చేయవలసిందే. కానీ దానికి ప్రదర్శన సమయం తగదు. వారి అనుమతితో, పగటిపూట, దీపాలన్నీ వేసి విడిగా తీయాలి. ప్రదర్శనలో ప్రేక్షకుడు చూసినది కూడా ఒక ఆధారమే. ఒకదాని కోసం మరొకదాన్ని బలి పెట్టనక్కరలేదు.

రెండో అభ్యంతరం నిర్వాహకులది. “కెమెరా కోసం జనరల్ లైట్లన్నీ వేసేద్దాం” అంటారు. వీడియో బాగుపడుతుంది, నిజమే. టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన ప్రేక్షకుడి నాటకం మాత్రం చెడిపోతుంది. కెమెరా కోసమే వెలుగు కావాలంటే స్టూడియో పద్ధతి ఉంది. 1977లో మొదలైన హైదరాబాదు దూరదర్శన్ నాటకాలను స్టూడియోలో కెమెరాకు అనువైన దీపాలతో చిత్రీకరించింది. ముఖాలు స్పష్టంగా దక్కాయి. వన్స్‌మోర్ అని అరిచే ప్రేక్షకుడు మాత్రం అందులో లేడు. స్టూడియోలో తీసిన నాటకం, ప్రదర్శనలో తీసిన నాటకం రెండు వేర్వేరు రచనలు. మొదటిదానిలో దీపాలను మార్చవచ్చు. రెండోదానిలో మనమే మారాలి.

11.8 ఆచరణలో పాటించవలసినవి

1. రిహార్సల్ చూడండి. ఏ దృశ్యంలో చీకటి ఎందుకుందో దర్శకుణ్ని అడిగి రాసుకోండి. దీపాలు నడిపేవారి పక్కన కాసేపు కూర్చోండి.

2. ఐరిస్, షట్టర్, గెయిన్, వైట్ బ్యాలన్స్ నాలుగింటినీ ఆటో నుంచి తప్పించండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి షట్టర్‌ను సెకనులో 50వ వంతుగా పెట్టండి. ఎల్ఈడీలను తగ్గించినప్పుడు వీడియోలో పట్టీలు కదులుతుంటే షట్టర్‌ను కొద్దికొద్దిగా మార్చి చూడండి.

3. పాత పద్ధతి బల్బులైతే వైట్ బ్యాలన్స్‌ను 3200 కెల్విన్ దగ్గర స్థిరపరచండి. ఎర్రని చితి ఎర్రగా, నీలి రాత్రి నీలంగా ఉంటాయి.

4. ఐరిస్‌ను ముఖాన్ని బట్టి తిప్పండి. నుదుటి మీది మెరుపు 70 శాతం జీబ్రాకు అటూ ఇటూగా ఉండాలి. ఛామనఛాయ ముఖానికి ఇంకా కొంచెం తక్కువ చాలు. మందంగా పౌడరు అద్దిన ముఖం మామూలు ముఖం కంటే ఎక్కువ వెలుగును తిప్పికొడుతుందని గుర్తుంచుకోండి. అలాగని ముఖం కనిపించనంతగా మూసేయకండి. మరీ తగ్గించినదాన్ని తరువాత లేపితే చుక్కలు తేలతాయి.

5. దృశ్యం మారినప్పుడు ఐరిస్‌ను నెమ్మదిగా తిప్పండి. దీపాలు పూర్తిగా ఆరిపోయినప్పుడు అసలు ముట్టుకోకండి. తెర చీకటైతే కంగారు పడవద్దు. ప్రేక్షకుడికీ అప్పుడు చీకటే.

6. మీ దగ్గర ఫోన్ మాత్రమే ఉంటే నటుడి ముఖం మీద వేలు నొక్కి పట్టుకోండి. చాలా ఫోన్లలో ఎక్స్‌పోజర్ అక్కడ స్థిరపడుతుంది. తరువాత వేలిని కిందికి జరిపి వెలుగును తగ్గించండి. ఖరీదైన కెమెరా లేదని నిరాశపడనక్కరలేదు. ఈ ఒక్క పని చేసిన ఫోన్, ఆటోలో వదిలేసిన పెద్ద కెమెరా కంటే నాటకానికి ఎక్కువ న్యాయం చేస్తుంది.

11.9 సారాంశం

రంగస్థల దీపకాంతి కంటి కోసం ఏర్పడింది. కెమెరా ఆటో పద్ధతి చీకటిని లోపంగా భావించి సరిదిద్దబోయి ముఖాన్ని చెరుపుతుంది. కాటి సీనులో చీకటి భావం, సురభి మాయలో చీకటి తంత్రం, నీలి కృష్ణుడిలో రంగు ఒక మోసం. మూడింటిలోనూ ప్రశ్న ఒక్కటే: ఈ క్షణంలో ప్రేక్షకుడు ఏం చూడాలని నాటకం కోరుతోంది? జవాబు తెలిసినవారి చెయ్యి ఐరిస్ మీద ఉండాలి. ఒకనాడు కాగడా పట్టిన మనిషికి ఆ జవాబు తెలుసు. మీరు చిత్రీకరించబోయే నటుడికి కూడా ఒక కుటుంబం ఉంటుంది. ఆ ముఖాన్ని వాళ్లు మళ్లీ చూడాలనుకునే రోజు వస్తుంది.

11.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. ‘ఎక్స్‌పోజర్ నిర్ణయం నాటకాన్ని అర్థం చేసుకోవడమే’ – ఈ వాదాన్ని ఉదాహరణలతో చర్చించండి.
2. ప్రదర్శనలో చిత్రీకరించిన నాటకాన్ని, స్టూడియోలో చిత్రీకరించిన నాటకాన్ని వెలుగు పరంగా పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. ఆటో ఎక్స్‌పోజర్ రంగస్థలం మీద తప్పే తీరును లెక్కతో వివరించండి.
2. కాగడాకు, ఫాలో స్పాట్‌కు ఉన్న సంబంధం ఏమిటి?

III. అభ్యాసం
మీ దగ్గరి వేదిక మీద జరిగే ఒక నాటకంలో, నిర్వాహకుల అనుమతితో, ఒకే దృశ్యాన్ని ఇద్దరు మిత్రులు రెండు ఫోన్లతో తీయండి. ఒకరు ఆటోలో, మరొకరు ముఖం మీద స్థిరపరచి తీయాలి. రెండు వీడియోలనూ ఆ పాత్ర వేసిన నటుడికి చూపించి, ఆయన ఏది తన నాటకమన్నారో, ఎందుకన్నారో రెండు పుటలు మించకుండా రాయండి.